రెండడుగులు వెనుక

గవర్నర్ గారికి ఏడీసీగా, అంటే వెంట ఉండే సైనికాధికారిగా, నేను చేసిన కొలువు గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆయన వెనుక రెండడుగుల దూరంలో నడవడం. తెల్లదొరల కాలంలో రాజప్రతినిధి వెంట నడిచిన సైనికుడి పనే ఇది. దొరలు పోయారు, భుజం మీది బంగారు తాడు మాత్రం నా దాకా వచ్చింది. తుపాకీ పట్టిన చేతులతో ఆయన కళ్లజోడు, ప్రసంగం కాగితాలు మోసేవాణ్ణి. ఆయన నవ్వితే నవ్వాలి, అదీ ఆయన కంటే కాస్త తక్కువగా.

ఒకసారి ఆయన అమ్మవారి దర్శనానికి తిరుచానూరు బయలుదేరారు. ఆ గుడి వీధిలోనే మా అక్క పూలమ్ముతుంది. అమ్మ పోయాక నన్ను పెంచి, చదివించి, పటాలానికి పంపింది ఆ పూలతట్టతోనే. ముందురోజు ఫోన్ చేసింది.

"ఒరే అబ్బోడా, రేపు నా పక్క ఒక్కసారి సూడరా. పలకరించొద్దులే, సూస్తే సాలు. ఈడ పూలోళ్లందరికీ నా తమ్ముడొస్తాండాడని సెప్పినాను."

"అట్లనే అక్కా," అన్నాను. అంత తేలిగ్గా ఎలా అన్నానో!

మరునాడు కారు దిగగానే బారికేడ్ పక్కన అక్క కనబడింది. పెళ్లిళ్లకు దాచుకున్న పట్టుచీర కట్టుకుంది. సరిగ్గా మేం దగ్గరికొచ్చేసరికి బందోబస్తువాళ్లు జనాన్ని వెనక్కి తోశారు. తట్ట తిరగబడి కనకాంబరాలు దారినిండా పడ్డాయి. గవర్నర్ గారు గమనించకుండా నడిచిపోయారు. నేను ఆగితే వరస చెడుతుంది, వంగితే టోపీ పడుతుంది. ఈ లెక్కలన్నీ ఆ క్షణంలోనే వేశాను, సిగ్గులేకుండా. తల తిప్పలేదు. అక్క కట్టిన పూలమీదే బూట్లు వేసి నడిచాను. గుడి వాకిట బూట్లు విప్పుతుంటే అడుగున ఒక కనకాంబరం అతుక్కుని ఉంది.

సాయంత్రం ఫోన్ చేశాను. తప్పయిందని చెబుదామనే చేశాను. అక్కే మాట్లాడింది.

"ఆ బంగారు తాడు బలే ఉండాదిరా నీకు. తిన్నావా?"

"పూలోళ్లు ఏమన్నారక్కా?"

"ఏమంటారు? నీ తమ్ముడు సూడనే లేదే అనినారు. ఆయప్ప నా తమ్ముడు కాదు, ఈ పొద్దు వేరే ఆఫీసరు వచ్చినాడని సెప్పేసినాను."

ఇప్పుడు ఆ కొలువు అయిపోయింది, మళ్లీ పటాలంలో ఉన్నాను. సెలవుకు తిరుచానూరు వెళితే అక్క ఇంట్లో కడుపునిండా అన్నం పెడుతుంది. పూలంగడి దగ్గరికి మాత్రం రావద్దంటుంది. నా ముఖం చూస్తే ఆ రోజు వచ్చింది నేనేనని వాళ్లకు తెలిసిపోతుందట.