మెత్తటి బ్రెడ్డు

దోహాలో ఒక బేకరీ ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగం నాది. బ్రెడ్డు నాలుగు రోజులైనా మెత్తగా ఉండాలంటే పిండిలో ఎమల్సిఫైయర్ కలపాలి. నూనె, నీళ్లు విడిపోకుండా పట్టి ఉంచే పొడి అది. ఎంత వేయాలో నిబంధన ఉంది; ఆ హద్దు దాటకుండా చూడటమే నా పని. గురువారం డ్యూటీ అయ్యాక అల్ అజీజియాలోని మా ఫ్లాట్‌కి ఒక ప్యాకెట్ తెచ్చేవాణ్ణి.

పోయిన చలికాలం మా ఆరేళ్ల అమ్మాయికి తరచూ కడుపునొప్పి వచ్చేది. ఆ రోజుల్లోనే మా ఆవిడ ఫోన్లో ఏదో వీడియో చూసి, నేను తెచ్చిన ప్యాకెట్ బల్ల మీద పెట్టింది.

"ఏమండీ, ఇందులో వేసే ఆ పొడి పేగులకి మంచిది కాదంటున్నారు. నిజమేనా?"

"అనుమతి ఉన్నదే వేస్తాం. కొలత దాటి రవ్వంత కూడా పడదు."

"మీ కొలత సంగతి కాదు నేనడిగేది. పిల్లకి పెట్టొచ్చా అని."

నా పనినే తప్పు పట్టినట్టనిపించి, లేచి గదిలోకి వెళ్లిపోయాను.

మర్నాడు శుక్రవారం, సెలవు. అమ్మాయి టిఫిన్ తింటుంటే ఎదురుగా కూర్చున్నాను. బ్రెడ్డు, దాని మీద చాక్లెట్ పూత, పక్కన డబ్బాలో చాక్లెట్ పాలు. సాయంత్రం ఐస్‌క్రీమ్ ఎటూ ఉంది. ఫ్రిజ్ తెరిచి ఒక్కోదాని వెనక ఉన్నది చదివాను. అన్నిట్లోనూ ఏదో ఒక ఎమల్సిఫైయర్ కనబడింది. ఎవరి కొలత వాళ్లు సరిగ్గానే వేసుంటారు. అన్నీ కలిసి ఈ చిన్న పొట్టలోకి ఎంత వెళ్తోందో మాత్రం నాకు తెలియదు. ఆ మాటే మా ఆవిడతో అన్నాను.

ఆ వారమే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. డాక్టరమ్మ అమ్మాయి పొట్ట నొక్కి చూసి మలబద్ధకం అన్నారు. నీళ్లు, పండ్లు, కూరలు పెంచమన్నారు. మా ఆవిడ ఉండబట్టలేక ఎమల్సిఫైయర్ల గురించి అడిగింది.

"ఈ నొప్పి వాటివల్లేనని చెప్పలేను," అన్నారు డాక్టరు. "కొన్ని రకాల మీద పరిశోధన ఇంకా జరుగుతోంది. భయపడక్కర్లేదు. కానీ మూడు పూటలా ప్యాకెట్ తిండి వద్దు."

కారెక్కాక మా ఆవిడ, "మీ బ్రెడ్డు మానెయ్యమనలేదు లెండి," అంది.

"రోజూ పెట్టమనీ అనలేదుగా," అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది.

అప్పట్నుంచి పొద్దున్నే ఇడ్లీ, లేదంటే ఉప్మా. ఐస్‌క్రీమ్ వారానికోసారే. అమ్మాయి కొన్నాళ్లు అలిగి, తర్వాత అలవాటు పడింది. మెల్లగా నొప్పి తగ్గింది. కూరలు తిన్నందుకో, ప్యాకెట్లు తగ్గినందుకో మేం తేల్చుకోలేకపోయాం. ఇప్పుడు ఫ్యాక్టరీలో ఎవరైనా "సార్, ఇది సేఫేనా?" అంటే, నిబంధన చెప్పేముందు ఇంట్లో ఇంకా ఏమేం తింటారని అడుగుతున్నాను.