పొగమంచులో నా కారు

నేను అల్ ఐన్‌ను మొదటిసారి చూసింది జరిమానా నోటీసుతో వచ్చిన ఫోటోలో. అప్పుడే తెల్లారుతోంది. రోడ్డుకు రెండు పక్కలా ఖర్జూర చెట్లు, వాటి మధ్య పొగమంచు, అందులోంచి ఎర్ర సిగ్నల్ దాటిపోతున్న తెల్ల కారు. ఆ కారు నాదేనంటోంది నోటీసు. ఆ వేళకు నేను అక్కడికి రెండు గంటల దూరంలో, అజ్మాన్‌లో, నా గదిలో, దుప్పటి కింద ఉన్నాను.

టెస్టు మళ్లీ మళ్లీ తప్పి, చివరికి లైసెన్సు తెచ్చుకున్న కొత్త. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. తప్పు చేస్తే పడే బ్లాక్ పాయింట్లు లేని లైసెన్సు చూపిస్తేనే కంపెనీ బండి తాళాలిస్తానన్నాడు ముదీర్, అంటే మా మేనేజరు. ఈ పాయింట్లు పడ్డాయంటే ఉద్యోగం ఖలాస్.

గదిలో నాతో ఉండే కడప భాయ్ ఫోన్ లాక్కుని చూశాడు.

"ఏం తమ్ముడూ, చెప్పకుండా అల్ ఐన్ పొయ్యొచ్చినావే! ఒక్క ఖర్జూరమన్నా తేకపోతివి."

"నేను వెళ్లలేదు భాయ్."

"అయ్యో, పొయ్యింటే బాగుండు. సల్లగా ఉంటాది ఆడ."

ఫోటోను పెద్దది చేసి నా కారుతో పోల్చాను. రంగు ఒకటే. మోడల్ ఒకటే. ప్లేటు మీద అంకెలు ఒకటే. ఇక్కడ అవే అంకెలు ఒక్కో ఎమిరేట్‌లో ఒక్కో కారుకు ఉండొచ్చు. ఎమిరేట్ పేరు, పక్కనున్న కోడ్ చూసి తేడా తెలుసుకోవాలి. ఫోటోలో సరిగ్గా ఆ భాగాన్నే మంచు కప్పేసింది. ఇంకా కిందికి చూశాను. పార్కింగ్ నేర్చుకుంటూ గోడకు గుద్దిన సొట్ట నా వెనక బంపరుకు కుడి మూలన ఉంది. ఫోటోలో బంపరు నున్నగా ఉంది.

అభ్యంతరం పంపాను. పిలుపు వచ్చేదాకా నిద్రలో ఆ కారు నేనే నడిపేవాణ్ణి. చెట్లు కదిలేవి కావు, రోడ్డే నెమ్మదిగా నా కిందికి వచ్చేది. సిగ్నల్ ఎప్పుడూ రాలేదు.

ట్రాఫిక్ పోలీసు కౌంటర్లో అధికారి హిందీలో అడిగాడు, "ఆ పొద్దున నువ్వు అక్కడ లేవా?"

"లేను సర్" అనడానికి ఎందుకో ఒక క్షణం పట్టింది.

బయటికొచ్చి కారు చూశాడు. వేలితో సొట్ట తడిమి నవ్వాడు. "నిన్ను కాపాడింది ఇదే. బాగుచేయించకు."

నోటీసు రద్దయింది. ఫోన్లోంచి ఆ ఫోటో కూడా పోయింది. ముదీర్ తాళాలిచ్చాడు.

మొదటి సెలవు రోజున, చీకటితోనే లేచి భాయ్‌ని ఎక్కించుకుని అల్ ఐన్ వెళ్లాను. అవే చెట్లు, అదే మంచు. సిగ్నల్ పసుపులోకి మారగానే, గీతకు చాలా ముందే ఆపేశాను.

"ఇంత దూరంలో ఆపితే కెమెరాలో పడతావా?" అన్నాడు భాయ్. "ఈసారి నిజంగానే వచ్చినావు కదా, రోంత ముందుకు పోనీ."

నేను కదల్లేదు. అద్దం దించాను. మంచు లోపలికి వచ్చింది.