తిట్ల పుస్తకానికి బొట్టు

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. నా తెలివిని మాత్రం నమ్మాను. అదే పొరపాటు.

మాది నిజామాబాద్ వైపు. మస్కట్‌లో ఒక రిటైర్డ్ డాక్టరు గారింట్లో పనిచేస్తున్నాను. ఆయన హంగరీలో చదువుకుని, వస్తూ వస్తూ అక్కడి పాత పుస్తకమొకటి తెచ్చుకున్నారు. తోలు అట్ట, ఇత్తడి కొక్కేలు, నాలుగు వందల ఏళ్ల వయసు. ఇలాంటి ప్రతులు ఇంకెక్కడో ఒకటో రెండో మిగిలాయట.

దసరా రోజు కారుకు, నిచ్చెనకు, వాక్యూమ్ క్లీనర్‌కు బొట్లు పెట్టాను. అంతలో దుమ్ము దులపమని ఆ పుస్తకం నా చేతికిచ్చారు. అట్ట మీద శిలువ ఉంది. ఎవరి దేవుడైతేనేం అనుకుని దానికీ తడి కుంకుమ పెట్టి, అద్దాల బీరువాలో ఉంచాను. డాక్టరు గారు అటు చూడకుండానే తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని బయటికెళ్లారు.

ఈ ఘనకార్యం వంటింట్లో చెప్పుకున్నాను. వంట చేసే కడప సుబ్బక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

"నీ తెలివి తగలెయ్య! అది పూజ పుస్తకం గాదబ్బా. ఒక పాదిరి ఇంకో పాదిరిని తిట్టిన తిట్లంట. మన యజమాని, అర్బాబు, దాన్ని ముట్టుకోవాలంటే చేతులు కడుక్కుంటాడే!"

"దేవుని పుస్తకమనుకున్న అక్కా. ఇప్పుడెట్ల?"

"ఎట్లేముంది, పెట్టె సర్దుకో. సాయంత్రం దాన్ని చూసేదానికి ఎవరో వస్తాండారు."

అతిథి వచ్చారు. టీ ట్రేతో గోడకానుకుని నిలబడ్డాను. ఈ కొలువు పోతే మా అమ్మాయి నర్సింగు చదువు ఆగిపోతుంది. డాక్టరు గారు తాళం తీశారు.

అట్ట మీద బొట్టు లేదు. మరకైనా లేదు.

కొక్కేలు విప్పి లోపల తెరిచారు. అచ్చక్షరాల మధ్య, ఒక పేరు మీద, గుండ్రంగా ఎర్రటి చుక్క. అది రచయిత తిట్టిపోసిన ప్రత్యర్థి పేరట. ఆ కాలపు పాఠకుడెవరో గుర్తు పెట్టుకుని ఉంటాడని అతిథి మురిసిపోయారు. ఇన్నేళ్లూ తన కంటపడనే లేదని డాక్టరు గారు ఆశ్చర్యపోయారు. నా వేలికి ఎరుపు ఇంకా పోలేదు. చేతిని ట్రే కింద దాచుకున్నాను.

కొక్కేలు నేను విప్పలేదు. తాళంచెవి ఆయన జేబు దాటలేదు. ఆ పుస్తకం నా కొలువు నిలబెట్టిందో, నా బొట్టును తన కొట్లాటకు వాడుకుందో నాకిప్పటికీ తెలియదు.

కానీ అంత చెమట పట్టించినందుకు ఊరికే వదల్లేదు. బీరువా సర్దేది నేనే కదా. దానికి ఇటు ఖర్జూరం సాగు పుస్తకం, అటు వంటల పుస్తకం పెట్టాను.

పోట్లాడాలనిపిస్తే వంకాయ కూరతో పోట్లాడుకోమనండి.