ఎండబెట్టిన సెల్లులు

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. ఆ సంగతి మా అయ్యవారికి నెల తర్వాత తెలిసిందట. తెలిసిన రోజు పిల్లలందరికీ బొరుగులు పంచిపెట్టాడట. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, నేనే పుట్టించాను. వేరేవాళ్ళు అనేలోపు మనమే అనేసుకుంటే నొప్పి తక్కువ. చదువు అంటకపోయినా ప్లస్సు, మైనస్సు మటుకు వంటబట్టాయి. జమ్మలమడుగులో మిక్సీలు, ఫ్యాన్లు బాగు చేసుకుంటూ బతకడానికి ఆ రెండూ చాలు.

మా అక్కను పెద్దముడియం దగ్గరి పల్లెకు ఇచ్చాం. బావకు గొర్రెలే లోకం. కొమ్మలు దించే దోటి ఆయన కుడి చేతిలో ఉంటే మంద చెదిరేది కాదు. అట్లాంటి మనిషికి ఒక పొద్దున పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో నెల రోజులు పెట్టుకొని పంపించారు. కాలు కొంచెం కొంచెంగా తిరిగింది. చెయ్యి తిరగలేదు. వేళ్ళకు పని చెప్పాలని, రోజూ బంతి పిసకాలని డాక్టరు చెప్పాడు. బావ రెండు రోజులు పిసికి, మూడో రోజు దాన్ని కుక్కకు వేశాడు.

"పొద్దన లేసి మొగోడు ఇది పిసుక్కుంటా కూచోవాల్నా?" అన్నాడు.

మందను పక్కింటి మామ తోలుకుపోతున్నాడు. ఎన్నాళ్ళని తోలుతాడు? అమ్మేద్దామా అని అక్క అడిగితే, "చెయ్యి వస్తాదిలే, ఉండనీ" అనేవాడు బావ.

అంతలో పులివెందులలో ఉండే మేనకోడలు తండ్రిని చూడ్డానికి వచ్చి, తన కొడుకు బొమ్మకారును మరిచిపోయి వెళ్ళింది. రిమోటుతో నడిచే కారు; కారుకు ఛార్జింగు బ్యాటరీ, రిమోటుకు రెండు పెన్సిల్ సెల్లులు. బావ ఏం తోచక రిమోటును కుడి చేతిలో పెట్టుకొని బొటనవేలితో మీట నొక్కాడు. కారు వసారాలో మూరెడు దూరం పోయింది.

"హెయ్! యాడికి పోతాండావే, నిలబడు!" అని గొర్రెను అదిలించినట్టు అదిలించాడు.

అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. జబ్బు చేసినాక ఆ గొంతు లేవడం అదే మొదలు.

అప్పటినుంచి పొద్దస్తమానం అదే పని. ఒక్కోసారి కారు దారి మధ్యలో ఆగిపోయేది. ఎంత నొక్కినా కదిలేది కాదు. బావ మొహం చిన్నబోయేది. "సెల్లు అయిపోయినట్టుండాయి" అంటూ అక్క రిమోటు మూత తీసి, రెండు పెన్సిల్ సెల్లులూ పిట్టగోడ మీద ఎండలో పెట్టేది. టార్చి సెల్లులకైనా మా వైపు అంతే, కాస్త ఎండ చూపించి ఇంకో నాలుగు దినాలు లాగుతాం. గంట తర్వాత మళ్ళీ వేస్తే కారు నడిచేది.

"చూసినావా? యేలు కాదు, సెల్లే!" అనేవాడు బావ.

ఒకసారి నేను పోయేసరికి సెల్లులు గోడ మీదున్నాయి.

"ఏందక్కా, వడియాలు పెట్టినట్టు పెట్టినావు?" అని మీటరు పెట్టి చూశాను. రెండూ నిండుగా ఉన్నాయి. "శానా బాగుండాయి కదక్కా. బతికుండేవాటిని ఎందుకు ఎండబెడతాండావు?"

అక్క నన్ను చూసింది, వసారాలో ఉన్న బావను చూసింది. "నీకెందుకురా, వచ్చి అన్నం తిను" అంది.

తిన్నాను. ఆలోచించలేదు. తప్పు యాడుందో వెతకడం నా పని. ఎప్పటిలాగే వస్తువులోనే వెతికాను. రిమోటు లోపల స్ప్రింగు వదులైందని తేల్చాను.

మరుసటి వారం ప్రొద్దుటూరులో మూడు వోల్టుల అడాప్టరు కొన్నాను. సెల్లుల సైజుకు రెండు చెక్కముక్కలు చెక్కి, కొసలకు స్క్రూలు బిగించి, వైర్లు కలిపి, సెల్లులుండే చోట కూర్చోబెట్టాను. వైరు బయటికి రావడానికి మూతకు గాడి కోశాను. గోడకున్న ప్లగ్గులో పెడితే ఎర్ర లైటు వెలిగింది.

"ఇంక సెల్లు పీడ వదిలింది బావా. కరెంటోళ్ళు ఉండేంతవరకు నీ కారుకు చావు ల్యా" అన్నాను.

బావ నవ్వాడు. ఆ రోజు కారు వాకిలిదాకా పోయి వచ్చింది.

కొన్ని దినాలకు నేను పక్కనే కూర్చొని ఉండగా కారు ఆగింది. బావ బొటనవేలు మీట మీదే ఉంది. కిందికి పోవడం లేదు.

"కరెంటు పోయిందా?" అని అడిగాడు.

నెత్తిన ఫ్యాను తిరుగుతోంది. గిరాకీలకు గంటకొక అబద్ధం చెప్పే నాకు ఆ పూట ఒక్కటీ దొరకలేదు.

అక్క లోపలినుంచి వస్తూ, "సెల్లు..." అని ఆగిపోయింది. తీసి ఎండలో పెట్టడానికి అందులో ఏమీ లేదు.

"కొంచేపుండి నొక్కు బావా" అన్నాను.

"ఎందుకప్పా? దానికేమైంది, బాగనే ఉంది కదా."

ఎడమ చేత్తో కుడి బొటనవేలిని మీట మీదినుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత అక్కవైపు తిరక్కుండానే, "పక్కింటి మామను మందకు బేరం చూడమను" అన్నాడు.

మళ్ళీ రిమోటు ముట్టలేదు. గొర్రెలను మినీలారీకి ఎక్కించే రోజు నేనూ పోయాను. అవి అరుస్తుంటే బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. లారీ పోయాక అక్క ఖాళీ దొడ్డిలో పెంట ఎత్తుతోంది. ఏదో ఒకటి అనకపోతే ఏడ్చేస్తానని భయమేసింది.

"ఇన్నేండ్లలో నేను చేసిన రిపేర్లలో మళ్ళీ చెడిపోనిది ఆ రిమోటొక్కటే అక్కా" అన్నాను.

అక్క తల ఎత్తలేదు.

"దానికేం రోగమొచ్చిందని రిపేరు చేసినావురా? సెల్లు ఉండంగా తప్పంతా సెల్లుదే. నువ్వొచ్చి ఆ తప్పును తీసి మీ బావ చేతిలో పెట్టినావు."