బూజును ఆపడం మానేసిన బాక్టీరియా

2001 వేసవిలో పంజాగుట్టలోని ఒక చిన్న జీవ తెగుళ్లమందుల కంపెనీలో నాణ్యత పరీక్షల బాధ్యత నాకు అప్పగించారు. సూక్ష్మజీవుల శాస్త్రం నేను కాలేజీలో చదవలేదు. గాజు ప్లేట్ల మీద చుక్కలుగా పెరిగే బాక్టీరియాను లెక్కపెడుతూ నేర్చుకున్నాను. మా సరుకు ఒక బాక్టీరియా. వేరుశనగ విత్తనానికి పట్టిస్తే మొలక వేళ్ల చుట్టూ చేరి, వేరుకుళ్లు తెచ్చే బూజును అణిచే రసాయనం తయారుచేస్తుంది.

ఆ ఏడు ఒక బ్యాచ్ పరీక్షలో తప్పింది. గ్రాముకు ఉండవలసిన సంఖ్య కంటే బాక్టీరియా ఎక్కువే ఉంది. కానీ ప్లేటులో బూజుకు ఎదురుగా పెడితే మధ్యలో ఖాళీ వలయం రాలేదు. బూజు దాని మీదికే పాకింది.

బయటి క్రిమి కలిసిందని ప్రొడక్షన్ మేనేజర్ మూర్తిగారు తేల్చేశారు. బాక్టీరియాను తీగతో ఎత్తి ప్లేట్ల మీద గీసి పెంచేది లావణ్య, బల్కంపేట అమ్మాయి. సాయంత్రాలు మైత్రీవనంలో కంప్యూటర్ క్లాసులకు వెళ్లి జావా నేర్చుకునేది.

"ఏంటమ్మా, మనసు మైత్రీవనంలో పెట్టి చెయ్యి ఇక్కడ పెడితే ఇలాగే ఉంటుంది" అన్నారాయన. ఉద్యోగం నుంచి తీసేసే మెమో టైపు చేయించి, కారణం కింద నా సంతకం అడిగారు.

లావణ్య నా బల్ల దగ్గరికి వచ్చింది. "తీసేస్తే తీసెయ్యుండ్రి సార్. గలీజ్ చేసిందని మాత్రం రాయకుండ్రి. ఇంకో ల్యాబుల అడుగు పెట్టనియ్యరు."

నేను మూర్తిగారిని కొంత గడువు అడిగాను. మా బాక్టీరియా ఒక యాంటీబయాటిక్‌ను తట్టుకునే రకం. అదే దాని గుర్తింపు. తప్పిన బ్యాచ్‌ను ఆ మందు కలిపిన ప్లేటు మీద గీశాను. నిండుగా పెరిగింది. అంటే బయటిది కాదు, మాదే. ఫ్రీజర్‌లో దాచిన అసలు నమూనాను పక్కన పెట్టి చూస్తే, అది బూజును ఆపింది.

ఆ రెండింటినీ నాకు తెలిసిన ఒక జన్యుశాస్త్రవేత్తకు ఇచ్చాను. రసాయనం తయారుచేసే జన్యువులు బాగానే ఉన్నాయనీ, వాటికి ఆజ్ఞ ఇచ్చే జన్యువు చెడిందనీ కొన్ని వారాలకు ఆయన చెప్పారు. ఆ జన్యువు మంచి ప్రతిని ఎక్కిస్తే వలయం తిరిగి వచ్చిందట. రసాయనం తయారుచేసే శ్రమ తప్పిన కణాలు మేం బాక్టీరియాను పెంచే పుష్టికరమైన ద్రావణంలో మిగతావాటికంటే త్వరగా పెరిగాయి. పైగా, పాత బ్యాచ్ ప్లేటు మీద అన్నిటికంటే పెద్ద చుక్కను ఎత్తి కొత్త బ్యాచ్ మొదలుపెట్టడం మా పద్ధతి. ప్రతిసారీ పని మానేసినవాటినే ఏరుకున్నాం.

మూర్తిగారు అంతా విని మెమో చింపేశారు. లావణ్య దగ్గరికి వెళ్లి, ఇకమీదట ఏపుగా ఉన్న చుక్కలు ఎత్తవద్దన్నారు.

"ఏపుగున్నవే ఎత్తమని నేర్పింది మీరే కద సార్" అంది ఆమె, తీగను మంటలో కాలుస్తూ.

ఆయన అవునన్నారు.

ఆ తర్వాత ప్రతి బ్యాచ్ ఫ్రీజర్ నమూనాతోనే మొదలైంది. బూజు పరీక్ష నెగ్గని సరుకు గేటు దాటలేదు. ఎన్ని బతికి ఉన్నాయో లెక్క చెబుతుంది. అవి పని చేస్తున్నాయో లేదో బూజు ఎదుట పెడితేనే తెలుస్తుంది.