కొప్పుతో మూడున్నర అడుగులు

మా ఇంట్లో కొలతలకి ఇద్దరు మొనగాళ్ళున్నాం. మా బావ హైస్కూల్లో లెక్కల మాస్టారు. నేను వీధి గదిలో మిషను వేసుకుని, నెల్లిమర్ల నుంచి రామతీర్థం దాకా ఉన్న ఆడవాళ్ళ జాకెట్లు కుడతాను. మనిషి గుమ్మంలోకి రాగానే టేపు తియ్యకుండానే భుజమెంతో నడుమెంతో చెప్పీగలను. ఇలాంటి ఇద్దరం కలిసి మా సొంత గుంట, అదే మా కూతురు, దాని పొడుగు తప్పు కొలిచీసాం. పోయిన దసరా సెలవుల సంగతిది.

బావ అంటే మా ఆయనే. మేనత్త కొడుకుని చేసుకున్నాను. అందుకని మా అత్తకీ నాకూ మధ్యన అత్తాకోడళ్ళ మర్యాదలేవీ లేవు. చిన్నప్పుడు పండగలకీ పబ్బాలకీ కలిసి దెబ్బలాడుకునేవాళ్ళం, ఇప్పుడు ఒకే ఇంట్లో ఉండి దెబ్బలాడుకుంటన్నాం.

మా గుంటకి అప్పుడు నాలుగు దాటింది, ఎల్కేజీ. వాళ్ళ నాన్న ఫోనులో ఏదో పార్కు వీడియో చూసింది. అందులో ఎర్రటి గొంగళిపురుగు బండి ఒకటి. పెద్ద కళ్ళు, నవ్వు మొహం, వెనక పది పెట్టెలు, పట్టాల మీద ఎత్తుకెక్కి కిందకి జారుతాది. అంతే, ఆ రోజు నుంచీ అన్నం ముద్ద పెట్టినా గొంగళే, నీళ్ళు పోసినా గొంగళే.

"నాను గొంగళీ ఎక్కుతాను నానా."

"ఎక్కుదువు గానీ తల్లీ, ముందు ఏ పార్కో సూడాలి గదా," అన్నాడు మా బావ. అనీసి ఊరుకుంటే మాస్టారెలా అవుతాడు? తెల్లకాగితం తీసి, స్కేలు పెట్టి గడులు గీసాడు. ఎంత దూరం, నీడ ఉందా లేదా, అన్నం దొరుకుతాదా పిజ్జాలేనా, పాయిఖానాలు శుభ్రమేనా, గుంటకి దారిలో ఎన్నిసార్లు వాంతులవొచ్చు, ఎంత పొడుగుంటే గొంగళి ఎక్కిస్తారు. ఆరు గడులు. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు నా గురించి ఇందులో సగం కూడా అడగలేదు మహానుభావుడు.

హైదరాబాదు వాంతుల గడిలోనే ఓడిపోయింది. భువనేశ్వరం దగ్గరున్న పార్కు చాలా బాగుంది. అక్కడి గొంగళికి మూడడుగుల పిల్లనైనా ఎక్కిస్తారట. అత్తకి ఇచ్ఛాపురం పుట్టినిల్లు, ఒడియా గడగడా మాటాడీగలదు, దారిలో మనకి ఇబ్బందుండదు అనుకున్నాం. మూడోది విశాఖ దాటాక సముద్రం పక్కనున్నది. దగ్గరే గానీ అక్కడ మూడున్నర అడుగులు లేకపోతే గొంగళి ఎక్కించరు. నేను భువనేశ్వరమే అన్నాను. బావ కూడా దానికే ఎక్కువ మార్కులేసాడు.

అత్త మటుకు ఒక్క గడే అడిగింది. "దేని తోవలో సింహాచలం తగుల్తాదిరా?"

అప్పటికి మా గుంట పుట్టువెంట్రుకలు ఇంకా తియ్యలేదు. మూడో ఏట తీయించాలి గానీ ఆ ఏడు మైలొచ్చి ఆగిపోయింది. సరి సంవత్సరంలో తియ్యకూడదు, ఇక ఇప్పుడు నడుస్తన్న ఐదో ఏడే. పుట్టిన దగ్గర్నుంచీ కత్తెర తగలని జుట్టు. దాన్ని నడినెత్తిన కొప్పు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే రెండంగుళాల ఎత్తుండేది. సింహాచలం అప్పన్నకి మొక్కున్నాది, ఇంటిల్లిపాదీ కదిలేది ఎప్పుడోగానీ కదలం, పార్కూ మొక్కూ ఒక్క ప్రయాణంలో అయిపోవాలని అత్త పట్టు.

"పార్కుకెళ్తన్నామా గుడికెళ్తన్నామా అత్తా?" అన్నాను.

"ఒసే, గుడి లేకుండా పార్కేటే? ముందు దేవుడికి సూపించి, తరవాత గొంగళికి సూపించు," అంది.

ఆరు గడుల కాగితం మడిచి మా బావ జేబులో పెట్టుకున్నాడు. సముద్రం పక్క పార్కుని అలాగ అప్పన్నే ఎంచాడు. ఇక మిగిలింది మూడున్నర అడుగులు.

గుంటని వంటింటి గుమ్మానికి ఆనించి నిలబెట్టాం. బావ రికార్డు పుస్తకం అడ్డంగా నెత్తిన పెట్టి, పెన్సిలుతో గీత గీసి, నా టేపు లాగాడు. మూడడుగుల ఆరంగుళాలు, టేపు మీద ఇంకో గీత ఎక్కువే.

"సరిపోయింది! మూడున్నర దాటింది!" అన్నాడు.

ఇక్కడ నిజం చెప్పీయాలి. ఆ పుస్తకం కొప్పు మీద ఆగింది. బావ గీత వంక చూస్తన్నాడు గనక చూడలేదు. నేను చూసాను. 'బావా, ముడిప్పి కొలు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు.

ఎందుకనలేదంటే రెండు కారణాలు. నా దగ్గరకి పిల్లల బట్టలకొచ్చే ప్రతీ తల్లీ ఒకటే మాట చెప్తాది, పెరిగే పిల్ల, రెండంగుళాలు ఎక్కువ పెట్టమ్మా అని. పెట్టి పెట్టి నాకు అలవాటైపోయింది. పిల్లలకి కొలత అంటే ఉన్నదానికి రెండు కలిపి చెప్పడమే. రెండోది, నాకూ వెళ్ళాలనుంది. సాలూరులో పెరిగాను నేను. మా నాన్న ఇచ్ఛాపురం నుంచి వచ్చి అక్కడ లారీ డ్రైవరుగా కుదిరాడు. ప్రతీ ఏడూ పైడితల్లమ్మ పండక్కి విజయనగరం తీసుకెళ్ళి ఎగ్జిబిషన్లో జెయింటు వీలు ఎక్కిస్తాననేవాడు, ప్రతీ ఏడూ అదే వారానికి రాయపూర్ లోడు తగిలేది. ఆ సరదా నాకలాగే ఉండిపోయింది. అందుకని ఊరుకున్నాను. పార్కులో మటుకు కొప్పు విప్పి కొలుస్తారేటి అనుకున్నాను.

ఆ కొప్పుని అదే రోజు పొద్దున్న సింహాచలం కొండ మీద వదిలీసి వస్తామన్న సంగతి నాకు తెలుసు. బావకీ తెలుసు, అత్తకీ తెలుసు. తెలిసిన రెండు సంగతుల్ని పక్కపక్కన పెట్టుకోవాలని ముగ్గుర్లో ఒక్కరికీ తట్టలేదు. ఓలమ్మ ఓలమ్మ, ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే మొట్టుకోవాలనిపిస్తాది.

గుంట మటుకు వీధి వీధంతా చెప్పుకొచ్చింది. పాలాయనకి, ఎదురింటావిడకి, నా దగ్గరకి జాకెట్లకొచ్చినోళ్ళందరికీ. "నాను మూడున్నర. మా అమ్మ కొలిసింది." గీసింది వాళ్ళ నాన్నైనా, టేపు నాది గదా, పేరు నాకే ఇచ్చింది.

వెళ్ళే రోజు పొద్దున్నే పాసింజరెక్కాం. కొత్తవలసలో బండాగితే, ఇక్కణ్ణుంచే కిరండూల్ లైను విడిపోతాదని మా బావ పాఠం మొదలెట్టాడు. వినడానికి గుంట నిద్రపోతంది, అత్త పులిహోర పొట్లం విప్పుతంది, నేనే దొరికాను. సింహాచలంలో దిగి కొండెక్కాం. క్షురకుడి ముందు కూచోబెడితే గుంట ఏడుస్తాదని బిస్కెట్లూ బుడగలూ సిద్ధం చేసుకున్నాం. ఏడవలేదు. "ఇదయ్యాక గొంగళే కదా?" అని ఒక్క మాటడిగి తల వంచింది. జుట్టంతా ఒళ్ళో రాలింది. అత్త రెండు చేతులూ జోడించి, "తండ్రీ, నీది నీకు ఇచ్చీసాం, గుంటని సల్లగా సూడు," అంది. గుండుకి గంధం రాసాం. గుంట తల తడుముకుని, "సల్లగా ఉన్నాదే!" అని నవ్వింది.

పన్నెండింటికి పార్కులో ఉన్నాం. గొంగళి వీడియోలో కన్నా పెద్దది, కళ్ళు కూడా తిప్పుతంది. లైను చివర చెక్కతో చేసిన జిరాఫీ బొమ్మ, దాని మెడ దగ్గర అడ్డంగా ఒక కర్ర. టోపీ పెట్టుకున్న అమ్మాయి ఒకతె పిల్లల్ని ఆ కర్ర కింద నిలబెట్టి, తల తగిలితే లోపలికి పంపుతంది. మా గుంట పరిగెత్తుకెళ్ళి నిలబడింది.

కర్రకీ గుండుకీ మధ్యన నా మూడు వేళ్ళు పట్టీవి.

"పాప కొంచెం తక్కువుందండి," అంది ఆ అమ్మాయి.

"లేదమ్మా, సరిగ్గా కొలిసాను, నేను లెక్కల మాస్టార్ని," అన్నాడు మా బావ. అని, తల వంచి గుండు చూసాడు. "పొద్దున్నదాకా సరిపోయిందమ్మా," అన్నాడు నెమ్మదిగా.

"ఇప్పుడేమైంది సార్?"

"జుట్టిచ్చీసాం. సింహాచలంలో."

"అయితే ఆ జుట్టు పట్రండి సార్, ఎక్కించీస్తాను," అంది. లైనంతా ఒకటే నవ్వు. వేరే రోజైతే నేనూ నవ్వీదాన్నే.

అత్త ఊరుకుంటాదా? "దేవుడికిచ్చినదానికి మీ జిరాఫీ దగ్గర కోతేటమ్మా? దేవుడు కన్నా పెద్దదేటి నీ కర్ర?" అని మొదలెట్టింది. ఆ అమ్మాయి పాపం ఓపిగ్గానే చెప్పింది, మామ్మగారూ, పొట్టి పిల్లలకి పెట్టెలో ఒడి మీద వేసే కడ్డీ సరిగ్గా బిగవదు, జారిపోతారు అని. అత్త తొంగి ఆ కడ్డీ వంక చూసింది.

అప్పుడు నేనొక పని చేసాను. వంగి గుంట చెవిలో, "మునివేళ్ళ మీద నిలబడు," అన్నాను.

అది నిలబడలేదు. నా మొహంలోకి చూసింది. "అమ్మా, నువ్వు మూడున్నరన్నావు గదా?"

ఏడిస్తే ఎత్తుకుని ఓదార్చుదును, ఐస్‌క్రీం కొందును. ఏడవలేదు. లైన్లోంచి తనే బయటకొచ్చి, కట్ట మీద కూచుని, గొంగళి తిరుగుతుంటే చూసింది. బాతు పడవ ఎక్కించాం, గుర్రాల చక్రం ఎక్కించాం, ఎక్కమన్నదల్లా ఎక్కింది, పెద్దవాళ్ళు బంధువులింట్లో మొహమాటానికి తిన్నట్టు. అత్త పైటచెంగుతో దాని గుండు మీద ఎండ పడకుండా పట్టుకుని నిలబడింది. "నాకా మొక్కు మరోనాడైనా తీరును గదే," అంది నాతో. అత్త అంత మాట నాతో అనడం అదే మొదలు. తప్పు అత్తది కాదని నాకొక్కదానికే తెలుసు.

సాయంత్రం తిరుగు బండిలో గుంట నా ఒళ్ళో కూచుంది. పెందుర్తి దాటాక అడిగింది.

"అమ్మా, కొలిసినప్పుడు నా కొప్పు సూసావా?"

బావ కిటికీలోంచి ఇటు తిరిగాడు. చూడలేదంటే అక్కడితో అయిపోను. నాలుగేళ్ళ గుంట, నమ్మీను.

"సూసాను," అన్నాను.

"మరి సెప్పలేదేటి?"

సిగ్గేసింది. ఎంతమందికి జాకెట్లు బిగుతైపోయి తిట్టించుకున్నానో, ఏ రోజూ అంత సిగ్గెయ్యలేదు. "తప్పైపోయిందమ్మా," అన్నాను. అది తల నా భుజానికి ఆనించింది. గంధం నా జాకెట్టుకి అంటుకుంది.

మర్నాడు పొద్దున్న టేపు పట్టుకుని మిషను దగ్గరకొచ్చింది. "ఇప్పుడు కొలు," అంది. గుమ్మం దగ్గర గుండు మీద స్కేలు పెట్టి గీసాను. మూడడుగుల నాలుగంగుళాలు. పాత గీతకి రెండంగుళాల కింద కొత్త గీత. తడిగుడ్డ తెచ్చి పై గీత తుడిచీబోతే చెయ్యి పట్టుకుంది.

"ఒగ్గీ. అక్కడికి నాను వస్తాను."

ఆ తరవాత మా ఇంట్లో ఆదివారమంటే కొలతల రోజు. జుట్టు మళ్ళీ వచ్చింది, పిలకైంది, జడకందింది. ఆదివారం మటుకు అత్తని దువ్వెన ముట్టనియ్యదు. "మామ్మా, ఇయాల కొలతున్నాది, ముడెయ్యకు." బావ స్కేలు పడతాడు, నేను గీస్తాను, మా ఇద్దరి మీదా నమ్మకం లేక అది మళ్ళీ తనే వెనక్కి తిరిగి చూసుకుంటాది. ఎవరైనా పిల్లల గౌనుకొచ్చి, రెండంగుళాలు ఎక్కువ పెట్టమ్మా అంటే చాలు, మిషను పక్కనుంచి, "మా అమ్మ ఎక్కువే పెడతాది లెండి," అంటాది. మా అత్త నవ్వాపుకోలేక వంటింట్లోకి పోతాది. బండిలో నేనన్న మాట ఆవిడ కూడా విన్నాది మరి.

నెలల తరబడి గీత కదలదు. ఒక్కోసారి పెన్సిలు ముక్కంత కదులుతాది. ఒకాదివారం నాకే ఆగక, కొంచెం పైకి గీసాను. గుంట చూసి, నా చేతికి తడిగుడ్డ ఇచ్చింది. తుడిచాను.

మళ్ళీ దసరా వచ్చింది. మొన్నాదివారం గుమ్మానికి ఆని నిలబడి, మడాలు నేలకి తన్నిపెట్టి, జుట్టు రెండరచేతులా నొక్కుకుంది. "నువ్వు కూడా నొక్కమ్మా. ఇంకా నొక్కు." తల ఎముక తగిలేదాకా నొక్కాను. బావ స్కేలు పెట్టాడు. పెట్టి, నా వంక చూసాడు. స్కేలు సరిగ్గా పాత గీత మీదుంది.

బావ ఆ ఆరు గడుల కాగితం కోసం జేబులు వెతుక్కుంటన్నాడు, అత్త లోపల్నుంచి చెప్పులేసుకుని వచ్చీసింది, ఇప్పుడే బండి ఎక్కీసినట్టు. గుంట మటుకు అక్కడే నిలబడి ఆ గీతని వేలితో తడిమింది.

"అమ్మా, నువ్వు కొలిసింది ఇప్పుడు అబద్ధం కాదు," అంది.