తొమ్మిది రాళ్ళ గది

నేను చెప్పే మాటలో సగం తీసేసి వినమని మా ఆవిడ ఇంటికొచ్చిన కొత్తవాళ్ళకు ముందే చెప్తుంది. ఆమె తప్పేం లేదు. అవుకు రిజర్వాయరులో నేనొకప్పుడు పట్టిన చేప ఏటా ఒక జానెడు పెరుగుతూనే ఉంది.

నా కతల్లో అన్నిటికంటే పాతది నంద్యాలలో పుట్టింది. డిగ్రీ అయిన కొత్తలో నా స్నేహితుడు అక్కడొక సందులో కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. మూడు కంప్యూటర్లు, ఒక ఏసీ, చెప్పులు బయట విడిచి రమ్మనే బోర్డు. పాఠాలు అయ్యాక అక్కడొక ఆట నడిచేది. నల్లటి తెర మీద గడులు గడులుగా ఒక గది. అందులో గోరంత మనిషి, కొన్ని రాళ్ళు, అన్నే గుంతలు. రాళ్ళు తోసి గుంతలు పూడ్చాలి. తోయడమే, లాగడం లేదు. రాయి మూలకు పోయిందంటే గది పోయినట్టే. తీరిగ్గా ఆలోచిద్దామంటే వెనక ఒక ఎర్ర తేలు. మనం నడిచిన దారినే అదీ వస్తుంది. దానికి వెనక్కి తిరగడం రాదు, మనం నిలబడితే మాత్రం కుట్టి చంపుతుంది. బుర్రా వేళ్ళూ రెండూ ఒకేసారి పరిగెత్తాలి.

మొత్తం ముప్పై గదులు. ఇరవై తొమ్మిది దాటాను. చివరి గదిలో తొమ్మిది రాళ్ళు. నేను చచ్చిన చావులు లెక్కలేవు. ఒకనాడు స్నేహితుడు భోజనానికి పోయి వచ్చేసరికి ‘దాటేసినా’ అన్నాను. మళ్ళీ చూపించమన్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ పుణ్యాన పాతికేళ్ళకు పైగా నంద్యాలలో ఆ గది దాటిన ఒకే ఒక్క మొనగాడిగా బతికాను. పెళ్ళిళ్ళలో చెప్పాను, బస్సుల్లో చెప్పాను, పంటి డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూడా చెప్పాను.

పోయిన ఏడాది ఆ స్నేహితుడు ఫోను చేశాడు. అటక మీది పాత కంప్యూటరు బాగుచేయించాడట.

“ఆదివారం రాప్పా. అప్పటి మనోళ్ళందర్నీ పిలుస్తాండా. ఆ కడా గది ఎట్ల దాటినావో అందరి ముందర చూపియ్యాల.”

“కీళ్ళ నొప్పులప్పా. వేళ్ళు వంగవు.”

“మొన్న పెండ్లిలో తప్పెట కొట్టినావే, అప్పుడెట్ల వంగినాయి?”

ఇక తప్పించుకునే దారి లేదు. ఓడిపోతే పోయేది ఒక్క ఆట కాదు. ఆ ఒక్కటి అబద్ధమని తేలితే ఇన్నేళ్ళ నా కతలన్నీ కూలిపోతాయి. రేపటినుంచి నేను నోరు తెరిస్తే ఊఁ కొట్టేవాడుండడు.

మా ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన దేవుళ్ళు వరసగా నిలబడి ఉంటారు. కొందరికి ఇంకా ముక్కు రాలేదు, కొందరికి ముఖమే రాలేదు. నా ఫొటో స్టూడియో పక్కనే ఒక శిల్పి కొట్టం ఉంది. దిగులుగా పోయి అక్కడ కూర్చున్నాను. రాళ్ళ గోల రాళ్ళవాడికే చెబుదామని ఆ గదిని సుద్దముక్కతో నేల మీద గీశాను. రాతిపెచ్చులు తొమ్మిది పేర్చి, తేలు సంగతీ చెప్పాను.

“తేలొస్తే చెప్పుతో కొట్టక ఉరికేదేందప్పా?” అన్నాడాయన.

“ఆటన్నా అది. అందులో చెప్పు లేదు.”

ఎలా ఆడతావో చూపించమన్నాడు. నేను మొదటి పెచ్చు మీద వేలు పెట్టగానే ఆపేశాడు.

“ఈడే చెడిపోతాండావ్. వచ్చీ రాగానే రాయిని ముట్టుకుంటారా ఎవురన్నా? మేం బొమ్మను కదిలించే ముందర ఉత్త చేతుల్తో దారంతా ఒకతూరి నడిచొస్తాం. యాడ కాలు పెట్టాల, యాడ తిరగాల, అన్నీ చూసుకున్నాకనే గడ్డపార పట్టేది.”

“నడిస్తే తేలు ఎంట వస్తాది గదన్నా!”

“రానీ. ఈ ఇరుకు సందులోంచి అవతలికి పో. అదీ సందులోకి వస్తాది. నువ్వు బైటపడినాక, ఈ పక్క రాయిని సందు మూతికి అడ్డం తొయ్. ఎనక్కి తిరగలేదంటివి గదా, ఇంగ ఆడనే ఉంటాది. తక్కిన ఎనిమిదీ నిమ్మళంగా పూడ్చుకో. కడాకు ఈ రాయిని ఇట్లే ముందుకు తోస్తే తొమ్మిదో గుంత.”

నేను నేల మీది గీతల వెంట వేలితో ఆ దారంతా నడిచాను. ఆ గదిలో అన్నిసార్లు చచ్చానా, ఒక్కసారి కూడా రాయిని ముట్టుకోకుండా నడిచి చూడలేదు.

ఆదివారం నంద్యాలలో ఎనిమిది మంది నా కుర్చీ వెనక నిలబడ్డారు. నేను ఉత్త చేతులతో నడక మొదలుపెట్టాను.

“ఏందప్పా, వాకింగ్ పోతాండావా?” అన్నాడు స్నేహితుడు.

తేలు సందులోకి వచ్చింది. రాయి అడ్డం తోశాను. తేలు ఆగిపోయింది, వెనక నవ్వులూ ఆగిపోయాయి. ఒకటి, రెండు, ఎనిమిది గుంతలు పూడాయి. తొమ్మిదో రాయి కదిపితే తేలుకు దారి వదిలినట్టే. గుంతకు నాలుగు గడుల దూరం. చెమట వేళ్ళు జారుతున్నా తోశాను. తేలు నా మడమ దాకా వచ్చేసరికి రాయి గుంతలో పడింది. తెర తెల్లబడి కీచుమని ఒక పాట మోగింది.

స్నేహితుడు నన్ను వాటేసుకున్నాడు. “ఇన్నేండ్లూ నాకు అనుమానమే ఉండెనప్పా. తప్పయింది.”

అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ జీవితంలో నేను నిజంగా చేసిన ఒక్క ఘనకార్యం వీళ్ళకు రెండోసారి కింద జమ అవుతోంది! ఆగలేకపోయాను.

“ఇదే మొదటితూరి. అప్పుడు చెప్పింది అబద్ధం. ఈ ఎత్తు ఆళ్ళగడ్డలో రాళ్ళు చెక్కే అన్న నేర్పిచ్చినాడు, సుద్దముక్కతో గీసి.”

నవ్వులతో గది దద్దరిల్లిపోయింది.

“విగ్రహాలు చెక్కేటాయన కంప్యూటర్ ఆట నేర్పిచ్చినాడంట!” స్నేహితుడు కళ్ళు తుడుచుకున్నాడు. “మొదటితూరి ఆడేటోడు అంత నిబ్బరంగా నడుస్తాడా? మాకు చెవుల్లో పూలు పెడతాండావే!”

సాక్ష్యానికి శిల్పికి ఫోను చేశాను. ఉలి చప్పుడులో వినపడలేదో ఏమో, తీయలేదు. అది చూసి ఇంకా నవ్వారు. ఒట్టు పెడితే మరీ నవ్వారు.

స్నేహితుడు ఉగ్గాని ప్లేటు నా చేతిలో పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“సరే గానీ, ఆ రాళ్ళాయన కత ఇంగోతూరి చెప్పు. మొదటినుంచి.”